క్షార యానకం అనగానే వదిలేసే ప్రశ్న నాకెలా పట్టుబడింది

రెడాక్స్ (ఆక్సీకరణ-క్షయకరణ) సమీకరణాలు ఆమ్ల యానకంలో తుల్యం చేయమంటే చాలామంది చేసేస్తారు. ప్రశ్న చివర ‘క్షార యానకంలో’ అని ఉంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఇంటర్ ఫస్టియర్ అంతా నా పరిస్థితి అదే. ఆ మాట కనబడగానే పక్క ప్రశ్నకు వెళ్లిపోయేదాన్ని. లాంగ్‌టర్మ్‌లో కూర్చున్నాకే దీని సంగతి తేల్చుకున్నాను. ఇప్పుడు ఎంసెట్‌కో (ఈఏపీసెట్ అని పేరు మారింది) జేఈఈ మెయిన్స్‌కో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ మీరు అంతకాలం ఆగక్కర్లేదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ముందుగా ఒక మాట. కాలేజీలో ‘బేసిక్ మీడియం’ అంటారే, అది మనం చదువుకున్న క్షారమే. అందులో హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువ. అలాంటి చోట హైడ్రోజన్ అయాన్ నిలవదు, దొరికిన హైడ్రాక్సైడ్‌తో కలిసి నీరైపోతుంది. మొత్తం పద్ధతికి ఈ ఒక్క విషయమే ఆధారం. నాకది చాలా ఆలస్యంగా వెలిగింది.

అంతకుముందు నేనొక సూత్రం బట్టీ పట్టాను: ఆక్సిజన్ ఎక్కువున్న వైపు ఎన్ని ఎక్కువైతే అన్ని నీటి అణువులు, అవతలి వైపు దానికి రెండింతల హైడ్రాక్సైడ్‌లు. సూత్రం సరైనదే. కానీ పరీక్ష కంగారులో ఏది ఏ వైపో తారుమారయ్యేది. హైడ్రోజన్‌కు మళ్లీ వేరే సూత్రం. అందుకే రెండూ పక్కన పెట్టేశాను. ముందు ఆమ్ల యానకంలో చేసినట్టే చేసి, చివర్లో హైడ్రోజన్ అయాన్లను నీరుగా మార్చేయడం నాకు నమ్మకమైన దారి అనిపించింది.

పర్మాంగనేట్, అయొడైడ్ చర్య తీసుకుందాం. మాంగనీస్ డైఆక్సైడ్, అయొడిన్ వస్తాయి. ఇక్కడ పేర్లతో చెబుతున్నాను, మీరు కాగితం మీద సంకేతాలతో వేసుకుంటూ రండి.

చర్యను రెండు అర్ధచర్యలుగా విడదీయాలి: ఎలక్ట్రాన్లు వదిలేది ఆక్సీకరణం, తీసుకునేది క్షయకరణం. ఆక్సీకరణ అర్ధచర్య తేలిక: 2 అయొడైడ్‌లు ఒక అయొడిన్ అణువై 2 ఎలక్ట్రాన్లు వదులుతాయి. క్షయకరణంలో పర్మాంగనేట్‌కు ఆక్సిజన్లు 4, డైఆక్సైడ్‌కు 2. కుడివైపు 2 నీళ్లు వేయాలి. దాంతో కుడివైపు 4 హైడ్రోజన్లు చేరాయి కాబట్టి ఎడమవైపు 4 హైడ్రోజన్ అయాన్లు. ఇప్పుడు ఎడమవైపు ఆవేశం +3, కుడివైపు సున్నా. ఎడమవైపు 3 ఎలక్ట్రాన్లు వేస్తే సరిపోయింది. మాంగనీస్ +7 నుంచి +4కు దిగింది కదా, ఆ 3 ఇదే.

ఇక్కడే అసలు మెట్టు. 4 హైడ్రోజన్ అయాన్లున్నాయి కాబట్టి 4 హైడ్రాక్సైడ్‌లు రెండు వైపులా కలపాలి. ఎడమవైపు అవి 4 నీళ్లవుతాయి. కుడివైపు 2 నీళ్లు ముందే ఉన్నాయి, అవి కొట్టేస్తే ఎడమవైపు 2 నీళ్లు మిగులుతాయి, కుడివైపు 4 హైడ్రాక్సైడ్‌లు. క్షయకరణాన్ని 2తో, ఆక్సీకరణాన్ని 3తో గుణించి కూడితే:

2 పర్మాంగనేట్ + 6 అయొడైడ్ + 4 నీరు → 2 మాంగనీస్ డైఆక్సైడ్ + 3 అయొడిన్ + 8 హైడ్రాక్సైడ్

ఒక కాలేజీ పరీక్షలో ఇదే లెక్కకు నాకు మార్కులు పోయాయి. హైడ్రోజన్ అయాన్లున్న వైపే హైడ్రాక్సైడ్ కలిపి, రెండోవైపు మర్చిపోయాను. ఆఖర్న ఆవేశం ఒక్కసారి చూసుకుని ఉంటే దొరికిపోయేది: ఎడమవైపు −8, కుడివైపు సున్నా. అప్పటినుంచి ఆవేశం సరిచూడకుండా పేజీ తిప్పలేదు. పరమాణువులు లెక్కపెట్టడం కన్నా ముందు ఆవేశమే చూడండి. పది సెకన్ల పని.

ఇదే జంటతో ఇంకో చిక్కుంది. సెకండియర్‌లో పొటాషియం పర్మాంగనేట్ ధర్మాల దగ్గర, తటస్థ లేదా బలహీన క్షార యానకంలో అయొడైడ్ అయొడేట్‌గా మారుతుందని ఉంటుంది. అప్పుడు 2 పర్మాంగనేట్, 1 అయొడైడ్, 1 నీరు కలిసి 2 మాంగనీస్ డైఆక్సైడ్, 1 అయొడేట్, 2 హైడ్రాక్సైడ్‌లు ఇస్తాయి. ఏది నిజమని నేను వారం రోజులు నలిగిపోయాను. ప్రశ్నలో ఏ ఉత్పన్నం ఇచ్చారో దానికే తుల్యం చేయాలి, అంతే. గుర్తున్న గుణకాలను తెచ్చి అతికించొద్దు. పర్మాంగనేట్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం: ఆమ్లంలో 5 ఎలక్ట్రాన్లు, తటస్థ, బలహీన క్షార యానకాల్లో 3, బాగా గాఢమైన క్షారంలో ఆకుపచ్చ మాంగనేట్‌గా మారితే 1.

తెల్ల ఫాస్ఫరస్ క్షారంలో ఫాస్ఫీన్, హైపోఫాస్ఫైట్‌గా మారే లెక్క మీద ఒక సాయంత్రం స్టడీ అవర్ మొత్తం పెట్టాను. అందుకు తగ్గ లెక్కే అది. ఒకే పదార్థం ఆక్సీకరణమూ చెందుతుంది, క్షయకరణమూ చెందుతుంది. దాన్నే ఎడమవైపు రెండుసార్లు రాసి రెండు అర్ధచర్యలుగా విడదీయాలని తెలియక చాలామంది ఆగిపోతారు. ఆక్సీకరణంలో ఫాస్ఫరస్ అణువు (అందులో 4 పరమాణువులుంటాయి), 8 హైడ్రాక్సైడ్‌లు కలిసి 4 హైపోఫాస్ఫైట్‌లు, 4 ఎలక్ట్రాన్లు ఇస్తాయి. నీళ్లన్నీ రెండువైపులా సమానమై పోతాయి, అది చూస్తే భలే ఆనందమేసింది. క్షయకరణంలో ఫాస్ఫరస్ అణువు, 12 నీళ్లు, 12 ఎలక్ట్రాన్లు కలిసి 4 ఫాస్ఫీన్‌లు, 12 హైడ్రాక్సైడ్‌లు. మొదటిదాన్ని 3తో గుణించి కూడితే ఎడమవైపు 4 ఫాస్ఫరస్, 12 నీరు, 12 హైడ్రాక్సైడ్ వస్తాయి. ఇక్కడ ఆగకూడదు, అన్నిటినీ 4తో భాగించాలి:

ఫాస్ఫరస్ అణువు + 3 హైడ్రాక్సైడ్ + 3 నీరు → ఫాస్ఫీన్ + 3 హైపోఫాస్ఫైట్

మెయిన్స్‌లో జవాబుగా అంకె రాయాల్సిన ప్రశ్నల్లో ఆప్షన్లు ఉండవు. గుణకాల మొత్తం అడిగి, మీరు భాగించడం మర్చిపోతే చేసిన పనంతా సరిగ్గా ఉన్నా మార్కు రాదు. ఎంసెట్‌లో ఆప్షన్లుంటాయి కాబట్టి అక్కడ ఆవేశం చూసే రెండు ఆప్షన్లు కొట్టేయొచ్చు. ఇంజనీరింగ్ వాళ్లకు 180 నిమిషాల్లో 160 ప్రశ్నలంటే ఆ ఆదా చిన్నది కాదు.

రోజుకొకటి చొప్పున నెల రోజులు చేస్తే చెయ్యి తిరుగుతుంది. రేపటికి ఇది చేయండి: క్షార యానకంలో క్రోమియం హైడ్రాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రోమేట్‌గా ఆక్సీకరిస్తుంది. ఎడమవైపు వరసగా 2, 3, వాటితో 4 హైడ్రాక్సైడ్‌లు; కుడివైపు 2 క్రోమేట్, 8 నీరు రావాలి. రెండు వైపులా ఆవేశం −4.