ఆ తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చింది?

అప్పట్లో నా కారు డిక్కీలో మూడు ప్లాస్టిక్ డబ్బాలుండేవి. నీలం టేపు వేసింది ఒక కాలేజీది, ఎర్ర టేపు వేసింది ఇంకో కాలేజీది, ఏ టేపూ లేనిది మా అమ్మాయి సాకర్ బూట్లది. ఒకసారి బూట్ల డబ్బా పట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయాను కూడా.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ళ కాలేజీల్లో, నాలాంటి పార్ట్‌టైమ్ టీచర్లని 'ఫ్రీవే ఫ్లయర్స్' అంటారు. ఒక డిస్ట్రిక్ట్‌లో (ఒకే యాజమాన్యం కింది కాలేజీల్లో) పార్ట్‌టైమ్ మనిషికి ఫుల్‌టైమ్ లోడులో 67 శాతానికి మించి క్లాసులు ఇవ్వకూడదని రూలు. అది చాలదు కాబట్టి రెండో డిస్ట్రిక్ట్, కొందరికి మూడోది. మనిషి ఎక్కువగా ఉండేది దారిలోనే.

నాది తెనాలి. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఆరేళ్ళు వన్-ఏ, వన్-బీ చెప్పాను. పెళ్ళయ్యాక ఫ్రీమాంట్ వచ్చి హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. 2015లో మాలో కొందరికి పని చేసుకునే వీలు ఇచ్చారు. కార్డు రాగానే డిగ్రీలు ఎవాల్యుయేషన్‌కి పంపి, మరుసటి ఏడాది ప్రీ ఆల్జీబ్రా చెప్పడం మొదలుపెట్టాను. లెక్కలు ఎక్కడైనా లెక్కలే కదా అనుకుని వెళ్ళాను. నేను బ్రాకెట్ అంటే వాళ్ళకి పేరెంథసిస్. సర్డ్స్ అంటే ఎవరికీ తెలీదు, రాడికల్స్ అనాలి. బాడ్మాస్ ఇక్కడ పెమ్‌డాస్. భిన్నాలు కూడేటప్పుడు 'ఎల్సీఎమ్ తీసుకోండి' అంటే తెల్లమొహాలు వేసేవాళ్ళు. దాన్ని ఎల్సీడీ (లీస్ట్ కామన్ డినామినేటర్) అంటారని ఒక స్టూడెంటే చెప్పింది.

ఇలాంటివి అడగడానికి మనిషి ఉండాలి కదా. అడ్జంక్ట్‌ల, అంటే పార్ట్‌టైమ్ వాళ్ళ గదిలో ఆరుగురికి రెండు బల్లలు, ఒక ప్రింటరు. ఒకరు లోపలికొస్తే ఒకరు పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. రెండేళ్ళు చెప్పినా, నా పక్క క్లాసులో చెప్పేదెవరో నాకు తెలీదు.

2018లో మెయిల్‌బాక్సులో కాన్ఫరెన్స్ కాగితం కనిపించింది. కమ్యూనిటీ కాలేజీ లెక్కల టీచర్ల సంఘం, డిసెంబరులో మాంటెరీలో, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా. సంఘం పేరు సీఎంసీ క్యూబ్. కాలిఫోర్నియా మ్యాథమెటిక్స్ కౌన్సిల్, కమ్యూనిటీ కాలేజెస్ అని రాస్తే చివర్లో వరసగా మూడు 'సి'లు వస్తాయి, అందుకని సి ఘనం. లెక్కల టీచర్ల జోకులు ఏ దేశంలోనైనా ఇలాగే ఏడుస్తాయి.

ప్రయాణ ఖర్చులు అడిగాను. ఒక కాలేజీలో ఈ ఏడాది డబ్బులు ఫుల్‌టైమ్ వాళ్ళకే అన్నారు. ఇంకో కాలేజీలో ఫారం ఇచ్చారు. కుదరదన్న జవాబు కాన్ఫరెన్స్ అయిన పది రోజులకి వచ్చింది. మా ఆయన మాత్రం 'మన డబ్బు పెట్టుకుని, వీకెండ్ పోగొట్టుకుని, లెక్కలు వినడానికా?' అన్నాడు. తప్పు పట్టలేను. విజయవాడలో మాకు సెమినార్ అంటే ఏసీ హాల్లో కూర్చోబెట్టి, ఏ సెక్షన్‌కి ఎన్ని ఎంసెట్ ర్యాంకులు వచ్చాయో బార్ చార్ట్ చూపించి, తక్కువ వచ్చిన వాళ్ళని లేపి నిలబెట్టడం. నన్నూ ఒకసారి నిలబెట్టారు.

అయినా బయల్దేరాను. ఎర్ర డబ్బా కాలేజీలో చెప్పే వియత్నాం ఆవిడ కూడా వస్తానంది. అంతకుముందు ఆవిడతో నాకున్న పరిచయం ప్రింటర్ దగ్గర 'పేపర్ అయిపోయింది' అనుకోవడం వరకే. ఆవిడ నడిపింది, నేను పక్కన కూర్చుని పేపర్లు దిద్దాను, ఫైనల్స్ ముందు వారం మరి. వెల్లుల్లికి పేరుబడ్డ గిల్‌రాయ్ దగ్గర కారంతా ఆ వాసనే. 'ఆకలేస్తోంది' అందావిడ. పులిహోర డబ్బా తీశాను. క్యాస్ట్రోవిల్ దాటేలోపు ఇద్దరం ఖాళీ చేశాం. ఆవిడ పదకొండేళ్ళుగా మూడు కాలేజీల్లో చెప్తోందని, కాల్‌క్యులస్ ఒక్కసారీ ఇవ్వలేదని అప్పుడే తెలిసింది.

శుక్రవారం రాత్రి హోటల్ కారిడార్లలో అందరి నోటా ఒకటే మాట, ఏబీ 705 అనే కొత్త రాష్ట్ర చట్టం. అంతకుముందు కాలేజీలో చేరగానే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టేవాళ్ళు. మార్కులు తక్కువైతే అంకగణితం, ప్రీ ఆల్జీబ్రా, ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని మెట్లు. యూనివర్సిటీకి పనికొచ్చే కోర్సు పై మెట్టు మీద ఉండేది, చాలామంది మధ్యలోనే దిగిపోయేవాళ్ళు. ఏడాదిలోపు ఆ పై కోర్సు పూర్తిచేసే అవకాశం గరిష్ఠంగా ఉండేలా చూడమంది 2017లో వచ్చిన ఈ చట్టం. గడువు 2019 ఫాల్ సెమిస్టర్. అంటే కింది మెట్లు చాలావరకు పోతాయి. ఆ మెట్ల మీద చెప్పేది ఎక్కువగా మాలాంటి అడ్జంక్ట్‌లే. ఒకాయన 'పిల్లలు మునిగిపోతారు' అంటే, ఒకావిడ 'ఇప్పుడు మునగట్లేదా, మనం లెక్కపెట్టట్లేదు అంతే' అంది. నాకు ఆవిడదే నిజమనిపించింది. నా రెండు సెక్షన్లూ పోతాయన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండూ నిజమే.

అక్కడికొచ్చిన వాళ్ళలో కొందరు అంతకుముందు నెలే ఓర్లాండోలో అమాటిక్ సభకి వెళ్ళొచ్చారు. అది రెండేళ్ళ కాలేజీల లెక్కల టీచర్లకి జాతీయ సంఘం, 1974లో పెట్టింది. ఏటా ఒక ఊళ్ళో సభ పెడుతుంది. విమానం, హోటలు, రిజిస్ట్రేషన్ కలిపి చూస్తే నాకు ఒక సెక్షన్ మీద నెల జీతం. అట్లాంటాలో పెట్టినప్పుడు వెళ్తాలే, మా పిన్ని కూతురింట్లో దిగొచ్చు అనుకున్నాను.

శనివారం పొద్దున విన్న సెషన్లు రెండూ ఇప్పుడు గుర్తులేవు. ఒకటి ఆన్‌లైన్ హోంవర్క్ గురించి అనుకుంటా.

మధ్యాహ్నం సెషన్‌లో మాత్రం బల్లల మీద ప్లాస్టిక్ ముక్కలు పెట్టారు. పెద్ద చతురస్రం ఎక్స్ స్క్వేర్. ఎక్స్ పొడవు, ఒకటి వెడల్పు ఉన్న పట్టీలు. చిన్న గళ్ళు ఒకట్లు. ఒక పెద్ద చతురస్రం, ఆరు పట్టీలు, అంటే ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్, తీసుకుని చతురస్రం పేర్చమన్నారు. నా ఎదురుగా తల నెరిసిన ఒక ప్రొఫెసర్, ముప్ఫై ఏళ్ళ సర్వీసట. ఆయన ముందు తప్పు చేస్తానేమోనని చేతులు వణికాయి. ఆరు పట్టీలూ కుడిపక్కనే పేర్చాను, దీర్ఘచతురస్రం వచ్చింది. ఆయన ఏమీ అనకుండా మూడు పట్టీలు తీసి కింద పక్కన అడ్డంగా పెట్టాడు.

కింద కుడి మూల ఖాళీగా ఉండిపోయింది. మూడుకి మూడు. తొమ్మిది గళ్ళు పడతాయి.

'మధ్య పదం గుణకంలో సగం తీసుకో, వర్గం చెయ్యి, రెండు వైపులా కలుపు.' 'కంప్లీటింగ్ ద స్క్వేర్' వచ్చినప్పుడల్లా విజయవాడలో ఆరేళ్ళు, ఇక్కడ రెండేళ్ళు ఈ మంత్రం చదివించాను. ఎవరూ ఎందుకని అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. సగం ఎందుకంటే పట్టీలు రెండు పక్కలకి సమానంగా పంచాలి. వర్గం ఎందుకంటే ఆ మూల చతురస్రం కాబట్టి. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఎదుటాయన 'నాకూ ఇది పదిహేనో ఏట తెలిసింది. సర్వీసు పదిహేనో ఏట' అన్నాడు.

ఈ బొమ్మ కొత్తదేం కాదట. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-ఖ్వారిజ్మీ ఎక్స్ స్క్వేర్ ప్లస్ పది ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు 39 అనే లెక్కని ఇలాగే మూల పూడ్చి చేశాడు. మూలలో 25 పెడితే మొత్తం 64, భుజం 8, ఎక్స్ 3. మైనస్ 13 కూడా జవాబే, కానీ ఆయన దాని జోలికి పోలేదు. పొడవు మైనస్ ఎలా అవుతుంది?

జనవరిలో కార్న్‌ఫ్లేక్స్ అట్టలు కత్తిరించి నా ఆల్జీబ్రా క్లాసుకి పట్టుకెళ్ళాను. మూల ఖాళీ కనబడగానే వెనక బెంచీలోంచి 'ఓ' అని వినబడింది. బాగానే ఉందనుకుంటుండగా, రాత్రి షిఫ్టులో గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి పొద్దున క్లాసుకొచ్చే ఒకాయన చెయ్యెత్తాడు. నాకంటే పెద్దవాడు. 'మైనస్ ఆరు ఎక్స్ అయితే? లేని పట్టీని ఎక్కడ పెట్టమంటారు?'

నాకు తెలీలేదు. రేపు చెప్తానన్నాను. క్లాసవ్వగానే వియత్నాం ఆవిడకి ఫోన్ చేశాను. ఇద్దరం పార్కింగ్ లాట్‌లో కారు బానెట్ మీద అట్టలు పరిచి కూర్చున్నాం. పెద్ద చతురస్రంలోంచే కుడివైపు మూడు వెడల్పు, కిందివైపు మూడు వెడల్పు తీసెయ్యాలి. అప్పుడు మూలలోని తొమ్మిది రెండు లెక్కల్లోనూ పడి రెండుసార్లు పోతుంది, ఉన్నది ఒక్కసారే. కాబట్టి ఒక తొమ్మిది వెనక్కివ్వాలి. మిగిలేది ఎక్స్ మైనస్ మూడు భుజంగా ఉన్న చతురస్రం.

మర్నాడు ఇది చెప్తే ఆయన అట్టల్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, 'మా పేరోల్ వాళ్ళు ఒకే కటింగ్ రెండుసార్లు కోసి, అడిగితే ఒకటి వెనక్కేసినట్టు' అన్నాడు.

ఈ ముక్క ఆవిడకి చెప్పాను. 'ఇది మనమే సెషన్‌గా పెడదాం' అంది. ప్రపోజల్ ఫారం తెరిచి పేర్లు రాశాం, టైటిల్ రాశాం. తర్వాతి గడి, మీ కాలేజీ పేరు. ఒక్క పేరుకే చోటుంది. ఆవిడకి మూడు కాలేజీలు, నాకు రెండు. డిక్కీ తెరిచి డబ్బాల వంక చూస్తూ ఫోన్‌లో అడిగాను, 'నీలమా, ఎర్రా?' అని.