వార్డు వదిలినా పిన్ వదులుకోలేదు: ఎన్‌ఎంసీ రీవాలిడేషన్, నా అనుభవం

రీవాలిడేషన్ (మూడేళ్ళకోసారి నర్సు రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవడం) పూర్తయిందని ఎన్‌ఎంసీ, అంటే యూకే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ నుంచి నిన్న మెయిల్ వచ్చింది. ఇంకో మూడేళ్ళు నా పిన్‌కు, అంటే నా రిజిస్ట్రేషన్ నంబరుకు ఢోకా లేదు. యూకేలో బిడ్డ కోసమో, భర్త కోసమో, ఊళ్ళో అమ్మానాన్నల కోసమో ఉద్యోగం ఆపాల్సి వచ్చిన మన నర్సమ్మలకు పనికొస్తుందని, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను. నాది మా బాబు కోసం తీసుకున్న విరామం.

ముందు లెక్కలు. మూడేళ్ళలో 450 గంటల ప్రాక్టీస్ (నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు రిజిస్ట్రేషన్లూ నిలుపుకోవాలంటే 900), 35 గంటల సీపీడీ (వృత్తికి సంబంధించిన శిక్షణ), ఐదు ఫీడ్‌బ్యాక్‌లు, ఐదు రిఫ్లెక్టివ్ అకౌంట్లు (పని నుంచి ఏం నేర్చుకున్నామో రాసిన నోట్లు), వాటి మీద ఇంకో ఎన్‌ఎంసీ పిన్ ఉన్నవాళ్ళతో ఒక రిఫ్లెక్టివ్ డిస్కషన్, ఆరోగ్యం, నడవడికల మీద డిక్లరేషన్, ఇండెమ్నిటీ (వృత్తి బీమా) డిక్లరేషన్, చివర ఇవన్నీ చూసి ఇంకొకరు ఇచ్చే కన్ఫర్మేషన్. ఫీడ్‌బ్యాక్‌లు, అకౌంట్లు తేలికే. షిఫ్ట్ అయిన రాత్రే నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి, పేషెంట్ పేరు మాత్రం ఎక్కడా రాయకండి.

450 గంటలు అనగానే భయపడతారు. లాంగ్ డేలో (పొడవాటి పగటి షిఫ్టులో) బ్రేక్ తీసేస్తే పదకొండున్నర గంటలు వస్తాయి. అంటే మూడేళ్ళకు 40 షిఫ్టులు, నెలకు ఒకటి కన్నా కాస్త ఎక్కువ. ఆసుపత్రి బ్యాంక్‌లో, అంటే అవసరమైనప్పుడు షిఫ్టులకు పిలిచే నర్సుల జాబితాలో పేరుంటే చాలు. అయితే రిజిస్టర్డ్ నర్సుగానే చేయాలి. దగ్గర్లో దొరికింది కదా అని హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేసిన గంటలు లెక్కలోకి రావు. ఇంట్లో బాబుకు ట్యూబ్ ఫీడింగ్, సక్షన్ వార్డులో కన్నా ఎక్కువే చేశాను. అవి నర్సుగా కాదు, తల్లిగా చేసినవి, అందుకని లాగ్‌లో ఒక్క గంట కూడా రాయలేదు. మీరూ రాయకండి.

కేరర్స్ అలవెన్స్ (ఇంట్లో ఒకరిని చూసుకునేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) తీసుకునేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2025-26లో వారానికి సంపాదన పరిమితి 196 పౌండ్లు ఉండేది. పన్ను, ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) తీసేశాక లెక్కేస్తారు. బ్యాండ్ 5 (కొత్త నర్సుల జీతం స్థాయి) మొదటి మెట్టులో మామూలు రోజు ఒక లాంగ్ డే ఆ లోపే ఉంటుంది. ఆదివారం 60 శాతం అదనం కలిస్తే దాటిపోవచ్చు. ఒక్క పౌండ్ దాటినా ఆ వారం అలవెన్స్ మొత్తం పోతుంది, కొంచెం తగ్గించి ఇవ్వడం ఉండదు. నేను ఆదివారాలు ముట్టుకోలేదు. ప్రతి ఏప్రిల్‌లో ఆ అంకె మారిందేమో చూసుకోండి.

సీపీడీలో 35కు 20 గంటలు పార్టిసిపేటరీ కావాలి, అంటే ఇంకో ప్రొఫెషనల్‌తో మాటామాటా ఉన్నది. ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన ఈ-లెర్నింగ్ ఆ 20లో చేరదు. ఫైర్ ట్రైనింగ్ లాంటి మ్యాండేటరీలు మొత్తం 35లోనే చేరవు. బేసిక్ లైఫ్ సపోర్ట్ మనిషి ఎదురుగా చేస్తారు, మన పనికి నేరుగా సంబంధించింది, అది చేరుతుంది.

ఇక కన్ఫర్మర్, అంటే కన్ఫర్మేషన్ ఇచ్చే మనిషి. నన్ను ఏడిపించింది ఇదే.

లైన్ మేనేజర్ ఉంటే ఆమే కన్ఫర్మర్, అరగంట పని. ఉద్యోగం వదిలినవాళ్ళకు లైన్ మేనేజర్ ఎక్కడిది? పాత వార్డు మేనేజర్ దగ్గరికి ఫైల్ పట్టుకెళ్ళాను. ఆవిడ కవరు కూడా తెరవలేదు. "నువ్వు మా స్టాఫ్ కాదు, నువ్వు సేఫ్ అని నేనెలా సంతకం పెడతాను" అని నర్సెస్ స్టేషన్‌లో స్టూడెంట్ల ముందే అనేసింది. నేను నేర్పిన పిల్లలు అక్కడ నిలబడి ఉన్నారు. తల కొట్టేసినట్టయింది. బ్యాంక్ ఆఫీసుకు వెళ్తే, మేం షిఫ్టులు బుక్ చేసేవాళ్ళమే, వార్డును అడగండన్నారు. వార్డును అడిగితే బ్యాంక్‌ను అడగమన్నారు. హెచ్‌ఆర్‌లో ఒకాయన ఏకంగా పాత యజమాని నుంచి రిఫరెన్స్ లెటర్ తెమ్మన్నాడు. రీవాలిడేషన్‌కు రిఫరెన్స్ లెటర్‌తో పనే లేదు.

వీళ్ళలో ఒక్కరూ ఎన్‌ఎంసీ కన్ఫర్మర్ల కోసం రాసిన గైడెన్స్ చదవలేదు. కన్ఫర్మర్ మన ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ (నర్సుగా పనిచేసే యోగ్యత) మీద తీర్పు ఇవ్వరని అందులో స్పష్టంగా ఉంది. మనం చూపించిన కాగితాలను బట్టి నిబంధనలన్నీ పూర్తిచేశామని మాత్రమే చెబుతారు. మూడేళ్ళూ మనతో పనిచేసి ఉండాలన్న నియమమూ లేదు. లైన్ మేనేజర్ లేకపోతే ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకెవరైనా చేయొచ్చు. వాళ్ళూ దొరక్కపోతే వేరే రెగ్యులేటర్ కింద ఉన్న ప్రొఫెషనల్, అంటే డాక్టర్, ఫార్మసిస్ట్, ఫిజియో లాంటివాళ్ళు చేయొచ్చు. ఎవరిని అడగాలో తేల్చుకోవడానికి ఎన్‌ఎంసీ సైట్‌లో ఒక టూల్ ఉంది. కుటుంబసభ్యులను, బాగా దగ్గరివాళ్ళను మాత్రం వద్దు.

చివరికి నేను బ్యాంక్ షిఫ్టులు చేసే వార్డులోని ఒక సిస్టర్‌కు ఆ గైడెన్స్ ముందే మెయిల్ చేసి, అవసరమైన పేరాకు గీత గీసి మరీ అడిగాను. ఆమెకు కూడా ఎన్‌ఎంసీ పిన్ ఉంది కాబట్టి రిఫ్లెక్టివ్ డిస్కషన్, కన్ఫర్మేషన్ రెండూ ఒకే కూర్చోవడంలో అయిపోయాయి. వీలైనంతవరకు ఎదురెదురుగా కూర్చోండి, కుదరకపోతే వీడియో కాల్ సరిపోతుంది. కన్ఫర్మేషన్ మూడేళ్ళలో చివరి పన్నెండు నెలల్లో చేయించుకోవడం మంచిది. అంతకన్నా ముందు చేయించుకుంటే ఎందుకో ఎన్‌ఎంసీ కారణం అడుగుతుంది. ఆమె పేరు, పిన్, ఆఫీసు అడ్రసు, ఈమెయిల్ ఫారంలో తప్పుల్లేకుండా రాయండి, ఎన్‌ఎంసీ ఆమెను సంప్రదించవచ్చు.

ఈ తిప్పలే వద్దనుకుంటే రాజీనామా చేయకండి. ఎన్‌హెచ్‌ఎస్ (యూకే ప్రభుత్వ వైద్య సేవ) ఉద్యోగుల జీతాలు, షరతుల ఒప్పందమైన అజెండా ఫర్ చేంజ్‌లో 34వ సెక్షన్ కింద ఎంప్లాయ్‌మెంట్ బ్రేక్ ఉంది: మూడు నెలల నుంచి ఐదేళ్ళ వరకు. మామూలుగా ఏడాది సర్వీసు ఉండాలి. జీతం రాదు కానీ ఆసుపత్రితో తాడు తెగదు, అడగడానికి ఒక మేనేజర్ ఉంటారు. మేనేజర్లు తమంతట తాము దీని గురించి చెప్పరు, వాళ్ళకు ఖాళీ పోస్టు భర్తీ చేసుకోవడమే తేలిక. సెక్షన్ నంబరు రాసి, కాగితం మీద అడగండి. ఎలాగూ వదిలేస్తున్నారంటే ఈఎస్‌ఆర్ (ఉద్యోగుల ఆన్‌లైన్ రికార్డు) లాగిన్ పోకముందే పే స్లిప్పులు, ట్రైనింగ్ సర్టిఫికెట్లు అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి.

అమ్మానాన్నల కోసం ఊరెళ్ళి, అక్కడే ఆసుపత్రిలో నర్సుగా కొంత చేద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. విదేశంలో చేసిన గంటలూ లెక్కకు వస్తాయి, కానీ అక్కడి రెగ్యులేటర్ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్‌ను యూకే వచ్చేశాం కదా అని పోనివ్వకండి.

గంటలు చాలకపోతే రెండే దారులు: రిటర్న్ టు ప్రాక్టీస్ కోర్సు, లేదా టెస్ట్ ఆఫ్ కాంపిటెన్స్. టెస్ట్ అంటే మనం వచ్చినప్పుడు రాసిన సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఓఎస్‌సీఈ (ప్రాక్టికల్ పరీక్ష)లే. నేను చూసినప్పుడు ఫీజులు వరసగా 83, 794 పౌండ్లు. ఆ ఓఎస్‌సీఈ మళ్ళీ రాయడం కన్నా నెలకో షిఫ్ట్ ఎంతో మేలు. ఆరోగ్యం, ప్రసూతి వంటి కారణాలుంటే గడువు పెంచమని అడగొచ్చు, కానీ అప్లికేషన్ తేదీకి ముందే అడగాలి, గంటలేమీ తగ్గించరు.

అప్లికేషన్ తేదీ అంటే రిజిస్ట్రేషన్ ముగిసే నెల మొదటి రోజు. సెప్టెంబరు 30న ముగిసేవాళ్ళకు సెప్టెంబరు 1. అరవై రోజుల ముందు మెయిల్ వస్తుంది, అది పాత ఆసుపత్రి ఈమెయిల్‌కు వెళ్తే మీకు తెలియనే తెలియదు, ఎన్‌ఎంసీ ఆన్‌లైన్‌లో సొంత ఈమెయిల్ పెట్టుకోండి. ఏటా కట్టాల్సిన ఎన్‌ఎంసీ ఫీజును మూడు నెలలకోసారి డైరెక్ట్ డెబిట్‌లో కట్టొచ్చు. జీతం పడని ఖాతా మీద ఆ డెబిట్ ఉంటే ఇవాళే మార్చేయండి.