అత్తయ్యకు దొరికిన వేసవి సెలవు

పోయిన ఏడాది మే నెలలో మా అత్తయ్య తొమ్మిది రోజుల పాటు పొయ్యి వెలిగించలేదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్లలో ఇలా జరగడం అదే మొదటిసారి. వేసవి సెలవులు ఆరోగ్యానికి మంచివని అందరూ అంటారు. సైన్సు టీచరుగా నేనూ ఏటా తరగతిలో పిల్లలకు అదే చెబుతూ వచ్చాను. ఆ మేలు ఇంట్లో ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్న ప్రశ్న మాత్రం ఆ తొమ్మిది రోజుల్లోనే నాకు తట్టింది.

మాది బరంపురం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు చేరడంతో, మావంటి తెలుగు కుటుంబాల చుట్టరికాలు సరిహద్దుకు రెండు వైపులా ఉండిపోయాయి. టెక్కలి, పలాస, పర్లాకిమిడి, గుణుపురం, ఎక్కడ చూసినా మావాళ్లే. బడులకు సెలవులిచ్చిన వారం తిరగకుండానే ఆడపడుచులు పిల్లలతో దిగుతారు, వాళ్లు వెళ్లేలోగా పెత్తల్లి కొడుకులు వస్తారు. చుట్టాలు రావడం నాకు ఎంతో ఇష్టం, అందులో సందేహం లేదు. కానీ ఆ నెలన్నర రోజులూ అత్తయ్య తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, రాత్రి పది దాటాక గాని నడుం వాల్చేవారు కాదు. ఆవకాయకు మామిడికాయలు కొట్టించడం, మేడమీద గుమ్మడి వడియాలు పెట్టడం, ఎండ ముదరక ముందే అప్పడాలు ఆరవేయడం, ఇవన్నీ కూడా ఆ నెలలోనే. అందరూ సెలవులో ఉన్నప్పుడు ఆవిడకు పని రెట్టింపయ్యేది.

నా చిన్నతనంలోనూ ఇంతే. నౌపడా జంక్షన్‌లో దిగి చిన్నరైలెక్కి పర్లాకిమిడిలోని పెద్దమ్మ ఇంటికి వెళ్లిన వేసవులు నా జీవితంలోకెల్లా సంతోషంగా గడిచిన రోజులు. ముంజెలు, పనస తొనలు, పెరట్లో బావి నీళ్ల స్నానాలు, మేడమీద వరసగా పక్కలు. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా, ఆ మేడమీద మా పక్కన పెద్దమ్మ పడుకున్న రాత్రి ఒక్కటీ జ్ఞాపకానికి రావడం లేదు. ఆవిడ ఎప్పుడు పడుకునేదో మాకెవరికీ తెలియదు, ఎవరమూ అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఈనాటికీ నాకు బాధగా ఉంటుంది.

మా ఊరి వేసవి గురించి కొంచెం చెప్పాలి. గోపాల్‌పూర్ సముద్రం మాకు పదిహేను పదహారు కిలోమీటర్ల దూరం. గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉన్నప్పుడు అది ఆవిరి కాక ఒంటిమీదే కారిపోతుంది. అప్పుడు వేడిని బయటికి పంపడానికి శరీరం చర్మం వైపు ఎక్కువ రక్తాన్ని మళ్లిస్తుంది, గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది, ఒంట్లో నీరు తగ్గితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. రెండు గ్యాసు పొయ్యిలు వెలుగుతున్న వంటగదిలో, పోపు ఎగిరిపోతుందని ఫ్యాను కూడా వేసుకోకుండా నిలబడ్డ అరవై ఎనిమిదేళ్ల మనిషి గుండె ఎంత శ్రమ పడుతుందో ఆలోచించండి. రాత్రి నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంత దిగాలి. గోడలు సెగలు కక్కే రాత్రుల్లో అది దిగదు, అలసిన మనిషికి నిద్ర కూడా దక్కదు. ఉదయాన్నే ఇంత తరవాణి, అంటే పులిసిన అన్నం నీళ్లు, తాగితే చలవ అని అత్తయ్య అంటారు, మా ఒడియా పొరుగువారు నీళ్లలో నానిన అన్నం, పఖాళ, తిని అదే మాట అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, నీరూ ఉప్పూ రెండూ లోపలికి వెళతాయి. అయితే ఎంత తరవాణి తాగినా మనిషికి విశ్రాంతి కూడా కావాలి.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో అత్తయ్యకు రెండుసార్లు కళ్లు తిరిగాయి. ఇంట్లోని బీపీ మిషన్ మీద పై అంకె 150కి తక్కువగా కనిపించడం మానేసింది. డాక్టరుగారు మాత్ర మార్చి, ఉప్పు తగ్గించమని, విశ్రాంతి తీసుకోమని చెప్పారు. విశ్రాంతి అన్న మాట విని అత్తయ్య మర్యాదగా తల ఊపి, ఇంటికి రాగానే పప్పు నానబోశారు.

ఆ రోజుల్లోనే నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో 1948 నుంచి గుండె జబ్బుల మీద ఒక పెద్ద అధ్యయనం సాగుతోంది. అందులో భాగంగా 45 నుంచి 64 ఏళ్ల వయసున్న 749 మంది స్త్రీలను ఇరవై ఏళ్ల పాటు గమనించి, ఆ ఫలితాలను 1992లో ప్రచురించారు. ఉద్యోగం చేయకుండా ఇల్లు చూసుకునే స్త్రీలలో గుండెపోటుతో ముడిపడి కనిపించిన అంశాలు ఏవంటే, ఆందోళన, పగటిపూట ఒంటరితనం, నిద్ర పట్టకపోవడం, తనకు గుండెజబ్బు వస్తుందన్న నమ్మకం, వీటితో పాటు చాలా అరుదుగా తప్ప సెలవు మీద ఎక్కడికీ వెళ్లకపోవడం. ఈ ఆఖరి అంశం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సెలవు అవసరం ఉద్యోగం చేసేవారికేనని, ఇంట్లో ఉండేవారికి ఏం సెలవని మనలో చాలామంది అనుకుంటారు. ఆ పరిశోధన మాత్రం గృహిణుల విషయంలోనే ఆ సంబంధాన్ని చూపింది.

మగవారి మీద కూడా అటువంటి పరిశీలన ఉంది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 12,338 మంది పురుషులు ఏటా సెలవు మీద వెళ్లిందీ లేనిదీ నమోదు చేసి, తరువాత తొమ్మిదేళ్ల పాటు వారిని గమనించారు. తరచుగా వెళ్లినవారిలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. డబ్బూ ఆరోగ్యమూ ఉన్నవారే సెలవు మీద వెళ్లగలరు కదా, తేడా అందువల్ల వచ్చిందేమోనన్న అనుమానం సహజమే. 2000 సంవత్సరంలో ఆ ఫలితాలు వెలువరించినవారు ఆదాయం, చదువు వంటివాటిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా తేడా కొంత మిగిలిందని రాశారు. ఇటువంటి పరిశీలనలు కారణాన్ని పూర్తిగా రుజువు చేయవని నాకు తెలుసు. అయినా పట్టించుకోకుండా వదిలేయదగ్గ సంగతి కాదని నాకనిపించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలకు తగ్గకుండా పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. అది జీతానికి పనిచేసేవారి గంటలను బట్టి వేసిన లెక్క. ఒకనాటి రాత్రి నేను కాగితం మీద అత్తయ్య వేసవి వారాన్ని గంటల్లో రాసి చూశాను. కూర్చుని పప్పు ఏరుకునే సమయం తీసేసినా తొంభై దాటింది. ఆ కాగితాన్ని మావారి చేతికిచ్చాను. ఆయన చదివి మాట్లాడలేదు, మర్నాడు కోరాపుట్‌కు టికెట్లు తీశారు.

హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే, రాయగడ దాటాక తూర్పు కనుమల సొరంగాల మధ్య తెల్లవారుతుంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు ఆరున్నర డిగ్రీల చల్లదనం అన్న పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు గాని, స్టేషన్‌లో దిగి ఆ గాలి ముఖానికి తగిలినప్పుడు గాని దాని అర్థం నాకు తెలియలేదు. ఊరి చివర రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పక్కింటి ఆవిడ డబ్బు తీసుకుని రెండు పూటలా వండిపెట్టడానికి ఒప్పుకుంది. చుట్టాల ఇంటికి వెళ్లకూడదని నేను మొదటే పట్టుబట్టాను, అక్కడా అత్తయ్య వంటింట్లోకే వెళతారని నాకు తెలుసు.

రెండో రోజు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే, అత్తయ్య మంచం అంచున కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, కుడిచేతి బొటనవేలు ఎడమ అరచేతిలో పిండి తీసినట్టు అటూ ఇటూ కదులుతోంది. "ఏమైందత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను. "బాగానే ఉన్నానే అమ్మా. ఏం చెయ్యాలో తెలియడం లేదు" అన్నారు. ఆ మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. కాసేపటికి లేచి వరండాలో చీపురు వెతికారు, అది ముందు రోజే నేను దాచేశాను.

నాలుగో రోజు నుంచి మార్పు కనిపించింది. సాయంత్రాలు కొండమీది శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుని దర్శనానికి మెట్లు ఎక్కాం, మొదటి రోజు మూడుచోట్ల ఆగిన మనిషి ఆ తరువాత ఒక్కచోటే ఆగారు. మధ్యాహ్నం ఉరుములతో ఒక వాన పడింది, కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ నిద్రపోయారు. ఆరో రోజు పొద్దున ఆరు దాటాక లేచారు. పక్కింటి ఆవిడ పెట్టిన మండియా జావ, అంటే రాగి జావ, తాగి, "ఇది మన చోడి అంబలే గదా" అని మెచ్చుకున్నారు. మరొకరు వండినది కూర్చుని, వేడిగా, చివరిదాకా తినడం ఆవిడకు కొత్త. దేవమాలి కొండకు జీపులో వెళ్లిన రోజు సంగతులు చాలా ఉన్నాయి, అవి మరోసారి రాస్తాను.

మావారికి మాత్రం అంత మేలు జరగలేదు. ఆయన పనిచేసే చోటి నుంచి మూడో రోజే ఫోన్లు మొదలయ్యాయి. రోజూ రెండేసి గంటలు వరండాలో నిలబడి లెక్కలు చెబుతూనే ఉన్నారు. ఆయన పడుకున్నది చల్లటి గదిలోనే గాని మనసు బరంపురం దాటలేదు. సెలవు పెట్టుకున్న మనిషిని ఆ కొద్ది రోజులు వదిలేయడం అంత కష్టమా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

బీపీ మిషన్‌ను వెంట తీసుకువెళ్లాం. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు, సెలవులో మానడం పెద్ద తప్పు. అక్కడ దోమలు, మలేరియా భయం ఉన్నందువల్ల దోమతెర కూడా కట్టాం. చివరి మూడు రోజులు పై అంకె 134, 138 మధ్య నిలిచింది. ఒక్క మనిషి అంకెలతో ఏదీ రుజువు కాదు, మాత్ర మారిన ప్రభావమూ ఉండవచ్చు. ఇంటికి వచ్చిన పది రోజులకే అది మళ్లీ 146కు చేరింది. అందుకు నేను నిరాశపడలేదు, అటువంటి సంగతి ముందే చదివి ఉన్నాను. నెదర్లాండ్స్ పరిశోధకులు 54 మంది ఉద్యోగులను వారి దీర్ఘ సెలవులో గమనిస్తే, తమ ఆరోగ్యం, ఉల్లాసం బాగున్నాయని వారు చెప్పిన స్థాయి ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరి, పనిలో చేరిన మొదటి వారంలోనే మామూలు స్థితికి వచ్చింది. అంటే ఒక వేసవి సెలవును ఏడాది పొడవునా దాచుకోలేం. భోజనం లాగే దాన్ని మళ్లీ మళ్లీ తీసుకోవాలి.

అందుకే ఈ ఏడాది కోరాపుట్‌కు ఎనిమిది రోజులు, దసరా తరువాత గోపాల్‌పూర్‌లో మూడు రోజులు అనుకున్నాం. గోపాల్‌పూర్ ఇంటికి ఎంత దగ్గరైనా రాత్రికి అక్కడే ఉండాలన్నది షరతు. ఆడపడుచులకు ముందే ఫోన్ చేసి, జూన్ మొదటి వారంలో రమ్మని, వంట అందరం వంతులు వేసుకుందామని చెప్పాను. పెద్దాడపడుచు ఒక్క క్షణం ఆగి, "వదినా, అమ్మను తీసుకెళ్లాలని నాకెప్పుడూ తోచలేదే" అంది. ఆవకాయ కాయలు ఈసారి మావారూ మా అబ్బాయీ కొడతారు. టెంక ఊడిపోకుండా ముక్క ఎలా కొట్టాలో మొన్న ఆదివారం అత్తయ్య కుర్చీలో కూర్చుని వాళ్లిద్దరికీ నేర్పారు.