తలనొప్పి అని చెప్పింది

అట్లాంటాలో బాలింతల వార్డులో నర్సుగా చేరి ఏడేళ్లయింది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కడ పచ్చి బాలింత తలనొప్పి అంటే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగుతారు. ఇక్కడ ఆ మాట అన్నది ఎవరో చూసి కదులుతారని నాకు రెండో ఏడాది గానీ అర్థం కాలేదు.

ఆ రాత్రి తలనొప్పి అన్నది ఒక నల్లజాతి అమ్మాయి. తొలి కాన్పు. వేర్‌హౌస్‌లో పని, పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ మీద వచ్చింది. "తల పగిలిపోతోంది, కళ్ల ముందు చుక్కలు కనిపిస్తున్నాయి" అంది. బీపీ 156/102. డాక్టరుకు ఫోన్ చేస్తే, టెన్షన్ పడుతోందేమో, టైలనాల్ (పారాసిటమాల్) ఇచ్చి చూడు అన్నారు. ఇచ్చాను. అరగంటకి 168/112. ఈసారి షిఫ్టు బాధ్యత చూసే ఛార్జ్ నర్సుని పక్కన నిలబెట్టుకుని ఫోన్ చేశాను. బీపీ మందు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించేసరికి తెల్లవారుజామున మూడయింది. బతికింది. కానీ నేను మొదటి ఫోన్‌లోనే గట్టిగా అడగాల్సింది. ఆ అరగంట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నా కాన్పూ ఈ ఊళ్లోనే. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి పథ్యం వండిపెట్టింది. కాలు కాస్త వాచిందనగానే స్కాన్ తీశారు. నన్నెవరూ టెన్షన్ అనలేదు.

అట్లాంటాలోనే ఉన్న ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 2023లో లక్ష జననాలకు తెల్లజాతి తల్లులు 14.5 మంది, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. ఆసియా వాళ్లలో 10.7. డబ్బు, చదువు ఉంటే చాలు అనుకుందామా? షాలోన్ ఇర్వింగ్ అనే నల్లజాతి మహిళ ఆ సీడీసీలోనే శాస్త్రవేత్త, పీహెచ్‌డీ చేసింది. బీపీ పెరుగుతోందని మళ్లీ మళ్లీ డాక్టర్ల దగ్గరికి వెళ్లింది. కాన్పయిన మూడు వారాలకే, 2017 జనవరిలో పోయింది.

2022 నుంచి మా జార్జియా రాష్ట్రంలో మెడికెయిడ్ కాన్పు తర్వాత ఏడాది దాకా ఉంటోంది. మంచి మార్పే. సెలవు సంగతి వేరు. ఆ రాత్రి నేను చూసిన అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, చట్టం ఇచ్చే జీతం లేని 12 వారాల సెలవు కూడా ఆమెకు వర్తించదు. రెండు వారాల్లో పనికి వెళ్లాలంది. మూడో నెల దాకా పుట్టింట్లో ఉండే మన బాలింతలు గుర్తొచ్చారు.

డిశ్చార్జి కాగితాలిస్తూ పక్కన కూర్చున్నాను. "ఎమర్జెన్సీకి వెళ్తే తలనొప్పి అని మొదలుపెట్టకు. నాకు కాన్పయి ఇన్ని రోజులైంది, బీపీ ఇంత ఉంది అని ముందు చెప్పు" అన్నాను. ఆమె బిడ్డని ఒళ్లో వేసుకుని ఆ మాటల్ని నాకు రెండుసార్లు అప్పజెప్పింది.