రెండూ ఒకటే అన్నారు, ఒకటి కాదు

హాల్లో పెయింట్ వాసన ఇంకా పోలేదు, కోపం కూడా పోలేదు, అందుకే వేడి మీదే రాస్తున్నా. పుట్టీ, ప్రైమర్, బెడ్‌రూములు పేచీ లేకుండా అయిపోయాయి. చిక్కంతా హాలు దగ్గరే. షేడ్ కార్డులో పక్కపక్కనే రెండు రంగులు: ఒకటి లేత క్రీమ్, ఇంకోటి కాస్త బూడిద కలిసిన హాఫ్ వైట్.

రెండిటికీ చిన్న శాంపిల్ డబ్బాలు కలిపివ్వమని అడిగితే, షాపులో కౌంటర్ దగ్గరున్నాయన నా వైపు చూడనైనా చూడకుండా మావారితో "రెండూ ఒకటే సార్, మేడంకి మీరైనా చెప్పండి" అన్నాడు. పక్కన టీ తాగుతున్న మేస్త్రీలు కిసుక్కున నవ్వారు. ఇంటి ఈఎంఐ కట్ అయ్యేది నా జీతంలోంచి, మాటలేమో సార్‌తో! మావారు కూడా "ఏదో ఒకటి కానీయవే" అన్నారు, ఆ లెక్క వేరే ఉంది. పైగా "మెషీన్లో రంగు కలిపాక వాపసు ఉండదు" అని బెదిరింపు. ఉండదని తెలిసే కదయ్యా శాంపిల్ అడిగింది? డబ్బాలు తీసుకునేదాకా కదల్లేదు.

గోడ మీద కాకుండా డ్రాయింగ్ షీట్ల మీద రెండు కోట్లు వేయించా, ఎందుకంటే షీటుని ఏ గోడకైనా మార్చుకోవచ్చు, కిటికీ ఉన్న గోడ మీద ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది. తడి మీద చూసి తేల్చేయకండి, ఆరాక మారుతుంది. ఆరాక పక్కన తెల్ల కాగితం పెట్టి చూస్తే బూడిద అనుకున్నది కాస్తా గులాబీ తిరిగింది. మాది విజయవాడ, హాలుకి పడమటి కిటికీ, సాయంత్రం ఎండ పడేసరికి ఆ గులాబీ ఇంకా తేలింది. క్రీమ్‌కి పగలు కొంచెం పసుపు ఉన్నా, రాత్రి 6500 కె (కెల్విన్, లైటు రంగుకి కొలత) తెల్ల ఎల్ఈడీ కింద అణిగిపోయింది. మీ ఇంట్లో 3000 కె పసుపు లైట్లుంటే మాత్రం అదే క్రీమ్ ఇంకా పసుపుగా కొడుతుంది, మీ లైటు కిందే చూసుకోండి.

మా పెయింటర్ షీట్లు చూసి "అవునమ్మా, చాలా తేడా ఉంది" అన్నాడు. మావారు వింటుండగానే అన్నాడు.

హాలుకి సరిపడా డబ్బాలన్నీ ఒకేసారి కలిపించి, మూత మీది ఫార్ములా స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకున్నా. అవన్నీ ఇంకో షాపులోనే కొన్నాను.