మీకు పేరొస్తుంది కదండీ

పిల్లల కథల పుస్తకానికి 12 బొమ్మలు గీసిచ్చాను. అడిగింది ఒక చిన్న ప్రచురణ సంస్థ. "పారితోషికం ఉంటుందండీ, పుస్తకం బయటికి రానివ్వండి" అన్నారు ఫోన్లో. ఎంత, ఎప్పుడు అని నేను అడగలేదు. మొహమాటం. ఇంట్లోవాళ్ళు అడిగితే మాత్రం "అన్నీ మాట్లాడుకున్నాంలే" అని దబాయించాను.

పుస్తకం వచ్చింది. నెలలు గడిచాయి. గుర్తు చేసినప్పుడల్లా "అమ్మకాలు చూసి చెప్తాం" అనేవారు. ఒకరోజు నా ఏనుగు ఒక గుడ్డసంచీ మీద కనిపించింది. పుస్తకంలో ఉన్న ఏనుగే, కాకపోతే కాళ్ళ దగ్గర నా సంతకం చెరిపేశారు. డబ్బు రానందుకు అన్నాళ్ళూ రాని కోపం అది చూడగానే వచ్చింది. ఫోన్ చేశాను. "పుస్తకంలో వేశాంగా, మీకు పేరొస్తుంది కదండీ" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టక కాపీరైట్ గురించి చదువుతూ కూర్చున్నాను. దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం 1886 నాటిది. దాని ప్రకారం హక్కు కోసం ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదు, బొమ్మ గీస్తే చాలు. 1928లో రోమ్‌లో దాన్ని సవరించి ఇంకో మాట చేర్చారు: డబ్బుకు సంబంధించిన హక్కులు వేరేవాళ్ళకి రాసిచ్చేసినా, "ఇది నేను చేసింది" అని చెప్పుకునే హక్కు కర్త దగ్గరే ఉంటుంది. అంటే వీళ్ళు పారితోషికం బదులు ఇస్తున్నామంటున్న పేరు మొదటినుంచీ నాదే. నా చొక్కా నాకే బహుమతిగా చుట్టి ఇస్తున్నారన్నమాట!

ఇక ఫోన్లు మానేసి రాతలోకి దిగాను. పాత మెసేజ్‌లు తవ్వితే "పారితోషికం త్వరలో పంపుతాం" అన్నది ఒకటి దొరికింది. ఎంత పంపుతారో అందులో లేదు, అయినా అదే ఆధారం. ఇన్‌వాయిస్‌లో ఏ బొమ్మ ఏ రోజు ఇచ్చానో రాసి, 15 రోజుల గడువు పెట్టాను. రేటు దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఏనుగు గీయడానికి కూడా అంతసేపు పట్టలేదు. తోటి చిత్రకారుల్ని ముగ్గురిని అడిగితే ఇద్దరు మాట దాటేశారు. మన రేట్లు మనం ఒకరికొకరం దాచుకుంటాం, లాభం మాత్రం కొనేవాడికి.

డబ్బు అడగాలంటే నాకున్న సిగ్గు కాస్త తగ్గింది ఒక పాత సంగతి చదివాకే. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత ఒక కెఫేలో కూర్చున్నాడు. అక్కడ వాయిస్తున్నవి తనవీ, తన మిత్రులవీ పాటలు. వాటికి మీరు డబ్బివ్వనప్పుడు మీ పానీయాలకి నేనెందుకు కట్టాలి అన్నాడు. గొడవ కోర్టుకెక్కింది, అతనే గెలిచాడు. 1851కల్లా పాటల హక్కుల సొమ్ము వసూలు చేసే సంఘమే పుట్టింది.

నా ఇన్‌వాయిస్‌కి జవాబు: "మేం చెప్పి గీయించుకున్నాం కాబట్టి హక్కులన్నీ మావే." చిక్కంతా ఇక్కడే. ఉద్యోగంలో భాగంగా గీసినదైతే హక్కు సాధారణంగా యజమానిదే. బయటివాళ్ళతో గీయించుకున్నప్పుడు చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. పుస్తకానికి మాత్రమే అని ముందే ఒక్క వాక్యం రాయించుకుని ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. ఆ తప్పు నాదే. చివరికి తెలిసిన లాయర్ గారితో ఒక ఉత్తరం పంపించాను. పది రోజుల్లో పుస్తకం తాలూకు డబ్బు వచ్చింది, అడిగినదాంట్లో ముప్పావు వంతు. గీసినప్పటికంటే వసూలుకే ఎక్కువ అలిసిపోయాను.

ఊరికే గీయనని కాదు. ఈమధ్యే స్నేహితురాలి కవితల పుస్తకానికి పైసా తీసుకోకుండా ముఖచిత్రం గీశాను. అడగకముందే నేనే ఇస్తానన్నాను. అయినా ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ నవ్వింది గానీ సంతకం పెట్టింది.

సంచీల మీద ఏనుగుకి ఇంకో ఇన్‌వాయిస్ పంపాను. 19 రోజులైంది, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.