ఎక్స్‌రేకు అందని దవడ నొప్పి: నా అనుభవం

ఎడమ చెవి ముందు మొదలై కణతకూ పై పళ్లకూ పాకే నొప్పితో చాలాకాలం బాధపడి ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్నాను. మా కోనసీమలో ఇదే బాధతో ఉన్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

పళ్ల డాక్టరు పిప్పి లేదన్నారు, చెవి డాక్టరు చీము లేదన్నారు. తరువాత వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో జరిగినది మాత్రం మరిచిపోలేను. ఎక్స్‌రే, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు అన్నీ మామూలుగా ఉన్నాయని చూసిన డాక్టరు, నా దవడ మీద చెయ్యి కూడా వేయకుండా, వరుసలో కూర్చున్న రోగులందరి ఎదుటా మా వారి వైపు తిరిగి, "ఇంట్లో ఏమైనా గొడవలున్నాయాండీ? ఈవిడకు జబ్బేమీ లేదు, అంతా మనసులోనే ఉంది" అన్నారు. ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న నన్ను పక్కనపెట్టి, నా నొప్పి గురించి మా వారిని అడగడం ఆ నొప్పికంటే ఎక్కువగా బాధించింది. బయటికి వస్తూ ఎవరి ముఖమూ చూడలేకపోయాను. ఆ మాట ఇంటికీ చేరి, మా ఆడపడుచు సైతం నిద్రమాత్రలు వాడమంది. రోగిని తాకకుండా కాగితాలు చదివి తీర్పు చెప్పేది వైద్యం కాదు.

ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్లాం. అక్కడి నిపుణురాలు నా చెవుల ముందు వేళ్లు పెట్టి నోరు తెరిచి మూయమని, దవడ కీలు వాచిందని వెంటనే చెప్పారు. కీలు లోపలి పొర వాచినప్పుడు టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు పంపుకునే సంకేత అణువులు, అక్కడి ద్రవంలో పెరుగుతాయట. వాటిని అందుకునే గ్రాహకాలు నొప్పి నాడుల మీద కూడా ఉన్నందువల్ల ఆ నాడులు అతిసున్నితంగా మారి, మామూలు నమలడం సైతం నొప్పిగా మెదడుకు చేరుతుంది. కీలు, పళ్లు, కణత మూడింటి స్పర్శనూ మోసేది ఐదో కపాల నాడి అయిన ట్రైజెమినల్ నాడే. దాని నాడీకణాల ముడిలో వాటిని చుట్టుకుని ఉండే ఉపగ్రహ కణాలు కూడా ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను వదులుతాయని జంతువుల మీది పరిశోధనల్లో తేలింది. బాధ పక్కలకు పాకడానికి అదొక కారణమని భావిస్తున్నారు. సీఆర్‌పీ సంగతి విన్నాక నాకు కోపమూ ఊరటా ఒకేసారి కలిగాయి. అది ప్రధానంగా ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం తయారుచేసే ప్రోటీను. అంత చిన్న కీలులోని వాపు రక్తపరీక్షలో కనబడకపోవచ్చు. నా రిపోర్టు మామూలుగా ఉండటం నా నొప్పి అబద్ధమనడానికి సాక్ష్యం కానేకాదు. ఇదంతా బొమ్మ వేసి మా ఆడపడుచుకు వివరించాను. ఆమె మరి మాట్లాడలేదు.

కొద్దికాలం వాపు తగ్గించే మాత్రలు, వేడి కాపడం, రాత్రిపూట పళ్లకు తొడుగు, జంతికలూ కొబ్బరి ముక్కలూ మానేయడం: వైద్యం ఇంతే. ముఖం నొప్పితో వెళ్లేవారు కీలును తాకి చూడమని గట్టిగా అడగండి, కసురుకుంటే ఫీజు పోయినా లేచి వచ్చేయండి. అయితే కరెంటు షాకులా క్షణాలపాటు పొడిచి ఆగే నొప్పి వేరు. అది ట్రైజెమినల్ న్యూరాల్జియా కావచ్చు, దానికి న్యూరాలజిస్టునే చూడాలి. మామూలు నొప్పి మాత్రలతో సాధారణంగా లొంగదు.